పిల్లల చేతికి తుపాకీ: బాధ్యత ఎవరిది?

బిట్రగుంట: తిరునాళ్లకు వెళ్లిన పిల్లవాడు ఏదో ఒకటి కొనిపించుకోకుండా ఇంటికి రాడు. మగపిల్లల్లో ఎక్కువమంది అడిగేది తుపాకీనే. తండ్రి రెండుసార్లు గదమాయించి, మూడోసారి జేబులో చెయ్యి పెడతాడు. ఇక ఆ పూటంతా వీధిలో ఢాం ఢాం అని ఒకటే గోల. చూసినవాళ్లు నవ్వుకుంటారే గాని తప్పు పట్టరు. పట్టవలసినంత తప్పు కూడా అందులో లేదు.

అయితే కథ ఆ బొమ్మ తుపాకీ దగ్గరే ఆగిపోవడం లేదు. దీపావళికి ప్లాస్టిక్ గొట్టంతో చేసిన కార్బైడ్ తుపాకీ వస్తున్నది. సెలవులకు పట్నం నుంచి వచ్చిన బంధువు వెంట ఎయిర్‌గన్ వస్తున్నది. అడవి పందుల బెడద ఉన్న మెట్ట గ్రామాల్లో నాటు తుపాకీ అటక మీద దాగి ఉంటున్నది. ఈ మూడూ ఏదో ఒకనాడు పిల్లల చేతికి అందేవే. పసిపిల్లలకు తుపాకీ అందుబాటులో ఉండవచ్చునా అనే చర్చ అమెరికా వాళ్ల గొడవ అనీ, మన పల్లెలకు పట్టదనీ అనుకుంటే పొరపాటే అవుతుంది.

ఈ విషయంపై నలుగురు కూర్చున్న చోట మూడు రకాల మాటలు వినిపిస్తాయి. బొమ్మ తుపాకీతో సహా అన్నింటినీ నిషేధించాలని కొందరంటారు. చిన్ననాటి నుంచే పట్టుకోవడం నేర్పితే భయం పోయి జాగ్రత్త తెలుస్తుందని ఇంకొందరంటారు. చట్టం ఉంది, పోలీసులున్నారు, మనకెందుకని మిగిలినవారంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కాని ఏ ఒక్కటీ ఇంట్లోని పిల్లవాణ్ణి కాపాడదు.

చట్టం ఏమంటున్నది?

ఆయుధాల విషయంలో మన దేశపు చట్టం మెతకది కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 సంవత్సరాలు నిండనివారు తుపాకీ కలిగి ఉండరాదు. లైసెన్సు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, పోలీసు విచారణ జరగాలి, అవసరం ఏమిటో అధికారులకు నచ్చజెప్పాలి. ఎన్నికలు వచ్చాయంటే సాధారణంగా లైసెన్సు తుపాకులను సైతం పోలీసుస్టేషనులో అప్పగించవలసి ఉంటుంది. 2019లో చేసిన సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. పెళ్లి ఊరేగింపుల్లో సరదాకు గాలిలోకి కాల్చి పక్కవారి ప్రాణం మీదికి తేవడం కూడా నేరమేనని అదే సవరణలో చేర్చారు. లైసెన్సు లేని తుపాకీ దొరికితే రెండు నుంచి అయిదేళ్ల వరకు జైలు. తయారు చేసినా, అమ్మినా ఏడేళ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు.

ఇంత గట్టి చట్టం ఉన్నా అది ఊరి పొలిమేర దాకానే కాపలా కాయగలదు. అటక నుంచి పిల్లవాడి చేతి వరకు ఉన్న దూరం నాలుగు మూరలు. ఆ నాలుగు మూరల్లో కాపలా ఉండవలసింది పోలీసు కాదు, ఇంటి పెద్ద.

గొట్టం తుపాకీ నేర్పిన గుణపాఠం

2025 అక్టోబరు దీపావళికి మధ్యప్రదేశ్‌లో జరిగినది ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోదగినది. భోపాల్, విదిశ, గ్వాలియర్ ప్రాంతాల్లో కార్బైడ్ తుపాకులు పేలి కళ్లకు గాయాలైనవారు వందకు పైగా ఆసుపత్రులకు చేరారు. వారిలో ఎక్కువమంది పిల్లలే. పలువురికి చూపు పోయింది. నూటయాభై, రెండు వందల రూపాయలకు బజారులో బొమ్మలతోపాటు అమ్మిన వస్తువు అది. జరగవలసినది జరిగిపోయాక అక్కడి అధికారులు అమ్మకాలపై కేసులు పెట్టారు.

ఈ తుపాకీ పుట్టింది బొమ్మల దుకాణంలో కాదు, పొలంలో. కోతులను, పందులను బెదరగొట్టడానికి రైతులు వాడిన పనిముట్టే ఇది. నీళ్ల పైపుల ముక్కలు అతికించి, లోపల కార్బైడ్ ముక్క వేసి, కాసిన్ని నీళ్లు పోస్తే గ్యాస్ పుడుతుంది. లైటరుతో నిప్పురవ్వ తగిలించగానే పెద్ద శబ్దంతో పేలుతుంది. కార్బైడ్ అంటే మన పల్లెల్లో తెలియనిది కాదు. వెల్డింగు దుకాణాల్లో వాడేదీ, నిషేధం ఉన్నా మామిడికాయలు మాగబెట్టడానికి కొందరు వాడుతున్నదీ అదే.

ప్రమాదం జరిగే తీరు కూడా ఒకటే. లైటరు నొక్కినా పేలదు. ఎందుకు పేలలేదా అని పిల్లవాడు గొట్టంలోకి తొంగి చూస్తాడు. సరిగ్గా అప్పుడే పేలుతుంది. మంటా, రసాయనమూ, ప్లాస్టిక్ ముక్కలూ ఒక్కసారిగా ముఖాన కొడతాయి. పేలని టపాకాయ దగ్గరికి వంగి చూడటం, గొట్టంలో ఏముందో చూడాలనుకోవడం పిల్లల నైజం. అది వాళ్ల తప్పు కాదు. ఆ నైజం తెలిసి కూడా గొట్టం చేతికిచ్చిన పెద్దలది తప్పు.

పిట్టల పేరుతో

ఇక ఎయిర్‌గన్ సంగతి. నిర్ణీత శక్తికి లోబడిన చిన్న గొట్టపు ఎయిర్‌గన్లకు లైసెన్సు అవసరం లేదు. ఈ ఒక్క కారణంతో చాలామంది దాన్ని ఆటవస్తువు కింద లెక్క వేస్తున్నారు. లైసెన్సు అక్కరలేదంటే ప్రమాదం లేదని అర్థం కాదు. అందులోంచి వచ్చే సీసపు గుండు శనగగింజకన్నా చిన్నది. అయినా దగ్గర నుంచి తగిలితే కన్ను పోతుంది. తగలరాని చోట తగిలితే ప్రాణమే పోతుంది. తిరునాళ్లలో బెలూన్లు కొట్టే దుకాణదారు తుపాకీని బల్లకు అవతలి వైపు గురిపెట్టించి, మనుషులను పక్కకు జరిపి గాని కాల్చనివ్వడు. ఆ దుకాణదారుకు ఉన్న జాగ్రత్త ఎయిర్‌గన్ కొని మేనల్లుడికి బహుమతిగా ఇచ్చే మేనమామకు లేకపోవడం విచారకరం.

దీనితో మొదట బలయ్యేది చెరువు మీది పిట్ట. కొంగల వంటి పక్షులు మేతకు వచ్చేది చెరువులకూ పంటచేలకూనే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. దాని కింద రక్షణ ఉన్న పక్షిని కొట్టడం నేరం. పిల్లవాడికి ఆ సంగతి తెలియదు. పడిన పిట్టను చూసి పక్కనున్నవారు భళా అంటారు. ప్రాణం తీయడం గొప్ప అని ఆ బిడ్డకు మొదటిసారి అనిపించేది అక్కడే.

అటక మీది తుపాకీ

అన్నింటికన్నా అపాయకరమైనది నాటు తుపాకీ. ఇక్కడ రైతు కష్టాన్ని మరచి మాట్లాడటం న్యాయం కాదు. అప్పు తెచ్చి వేసిన వేరుశనగ చేనును ఒక్క రాత్రిలో పందుల మంద దున్నిపోస్తే, తెల్లవారి గట్టు మీద కూలబడిన రైతుకు చట్టం చదివి వినిపిస్తే కడుపు నిండదు. కొందరు తుపాకీ వైపు చూసేది ఆ కడుపుమంటతోనే. కాని అనుమతి లేకుండా అడవి పందిని చంపడం ఒక నేరం, లైసెన్సు లేని తుపాకీ ఉంచుకోవడం ఇంకో నేరం. ఈ రెండింటినీ మించినది ఇంట్లో పిల్లలకు పొంచి ఉన్న ముప్పు.

నాటు తుపాకీలో ఒక కిటుకు ఉంది. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుళ్లు వేసి, కడ్డీతో దట్టిస్తారు. ఒకసారి దట్టించిన మందును తిరిగి బయటికి తీయడం సులభం కాదు. కాల్చడమే తేలిక. ఆ రాత్రి పంది రాలేదనుకోండి, తుపాకీ మందుతోనే ఇంటికి వస్తుంది. పోలీసుల భయంతో దాన్ని కనిపించే చోట పెట్టరు. అటక మీదనో, గాదె వెనుకనో, గడ్డివాములోనో దాస్తారు. పెద్దలు దాచిన వస్తువును వెతకడం కన్నా పిల్లలకు ఇష్టమైన ఆట ఇంకొకటి లేదు. బెల్లం ఎక్కడ దాచినా కనిపెట్టేవారికి తుపాకీ కనబడదా? దొరికినది తిరునాళ్లలో కొన్న బొమ్మ లాంటిదేనని అనుకుంటారు. తమ్ముడికో చెల్లెలికో గురిపెట్టి ఢాం అంటారు.

అజాగ్రత్త వల్ల ఒకరి చావుకు కారణమైనవారికి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద అయిదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పిల్లవాడు పేల్చాడు గనుక తమకేమీ కాదని ఆ తుపాకీ యజమాని అనుకోవడానికి వీలులేదు. అయినా బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి ఇంకా కోర్టు వేయవలసిన శిక్ష ఏముంటుంది?

బీహారు నుంచి అమెరికా దాకా

ఇవన్నీ ఊహలని కొట్టివేయడానికి లేదు. 2024 జూలై 31న బీహారులోని సుపౌల్ జిల్లాలో నర్సరీ చదివే అయిదేళ్ల పిల్లవాడు పుస్తకాల సంచీలో తుపాకీ పెట్టుకుని బడికి వచ్చాడు. మూడో తరగతి చదువుతున్న పదేళ్ల బాలుడి మీద పేల్చాడు. చేతికి గుండు తగిలింది, ప్రాణం దక్కింది. పలక మీద అక్షరాలు దిద్దే వయసులో ఆ చేతికి తుపాకీ ఎలా వచ్చిందని దేశమంతా ముక్కున వేలు వేసుకున్నది.

మన జిల్లా బిడ్డలు చదువులకూ ఉద్యోగాలకూ పోతున్న అమెరికాలో మనుషులకన్నా తుపాకులే ఎక్కువ. అక్కడ 1 నుంచి 19 ఏళ్ల లోపువారి మరణాలకు కారణాలలో తుపాకీ 2020లో రోడ్డు ప్రమాదాలను దాటి మొదటి స్థానానికి వచ్చింది. 2023 జనవరిలో వర్జీనియా రాష్ట్రంలో ఆరేళ్ల బాలుడు తల్లి తుపాకీని బడికి తెచ్చి తరగతి గదిలోనే టీచరు మీద కాల్చాడు. టీచరు బతికింది. తల్లి జైలుకు వెళ్లింది. 2021 నవంబరులో మిచిగన్ రాష్ట్రంలో 15 ఏళ్ల కుర్రవాడు తన బడిలో నలుగురిని చంపిన కేసులో, 2024లో అతని తల్లికీ తండ్రికీ పది నుంచి పదిహేనేళ్ల శిక్ష వేశారు. అటువంటి కేసులో కన్నవారికి శిక్ష పడటం ఆ దేశంలో అదే మొదటిసారి. తుపాకీ హక్కు అని ఘోషించే దేశంలోనే కోర్టులు తల్లిదండ్రులను నిలదీసే రోజు వచ్చింది.

పెద్దవారైతే ప్రమాదం ఉండదనుకోవడం కూడా భ్రమే. 2024 నవంబరులో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో చదువుకుంటున్న తెలంగాణ యువకుడు ఒకరు తన తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడు. పై చదువులు చదువుతున్న యువకుడికే అది అంతుపట్టకపోతే, పలక పట్టిన చేతికి అంతుపడుతుందా?

పిల్లల తగవులోకి పెద్దల తుపాకీ వచ్చినా అంతే. 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన గొడవ పెద్దల దాకా పాకింది. చివరికి ఒక నాయకుడు తన లైసెన్సు రివాల్వరుతో కాల్చాడు. గాయపడిన వారిలో ఒకరు తర్వాత మరణించారు. 2022 జనవరిలో కోర్టు ఆ నాయకుడికి యావజ్జీవ శిక్ష వేసింది. సాయంత్రానికి మళ్లీ కలిసి ఆడుకునే పిల్లల తగవు అది. చేతిలో తుపాకీ లేకపోతే నాలుగు తిట్లతో పోయేది.

క్రీడ మాటేమిటి?

చిన్ననాడే తుపాకీ పట్టినవారు దేశానికి పేరు తేలేదా అని అడిగేవారున్నారు. తెచ్చారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించాడు. అదే హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ తొమ్మిదేళ్ల ప్రాయంలో సాధన మొదలుపెట్టి, 2018లో 13 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది.

అయితే వారు నేర్చుకున్నది పెరట్లో కాదు. గురువు పక్కన నిలబడి చెబుతుండగా, గోడలు కట్టిన మైదానంలో, లెక్క ప్రకారం ఇచ్చి లెక్క ప్రకారం తీసుకునే తుపాకులతో నేర్చుకున్నారు. శిక్షణ కోసం నిర్ణీత వయసు దాటినవారు షరతులకు లోబడి తుపాకీ వాడుకోవచ్చునని చట్టమే అవకాశం ఇచ్చింది. ఆసక్తి ఉన్న పిల్లలను ఆ దారిలో పంపితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఈత నేర్పాలంటే గజ ఈతగాణ్ణి పక్కన పెట్టి నడుముకు బెండు కట్టి దింపుతారే గాని, బిడ్డను బావిలో తోసి రారు గదా!

రైల్వే వారి పెట్టె చూడండి

ప్రమాదకరమైన వస్తువును ఎలా భద్రపరచాలో బిట్రగుంట వారికి బయటివారు నేర్పనక్కరలేదు. ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడిన ఊరు ఇది. రైలు గార్డులు ఎందరో ఈ కాలనీల్లో కాపురం ఉన్నారు. గార్డు సామానులో డిటొనేటర్లు ఉండేవి. ముందు ప్రమాదం ఉందని డ్రైవరుకు తెలియడానికి పట్టా మీద పెట్టేవి, చక్రం ఎక్కగానే పేలేవి అవి. వాటికి ప్రత్యేకంగా రేకు డబ్బా, ప్రతి దాని మీద తయారైన సంవత్సరం, ఎన్ని ఇచ్చారో ఎన్ని వాడారో లెక్క. 2022లో గార్డు పదవి పేరు ట్రైన్ మేనేజరుగా మారింది గాని ఆ లెక్క మారలేదు.

అంత చిన్న వస్తువుకు అంత కట్టడి ఎందుకు? దానికి ఒక యజమాని, ఒక డబ్బా, ఒక లెక్క ఉంటేనే అది పరాయి చేతికి పోదు గనుక. లైసెన్సు తుపాకీ ఉన్న ప్రతి ఇంటా ఈ పద్ధతే ఉండాలి. తుపాకీ ఒక చోట, గుళ్లు ఇంకో చోట, రెండింటికీ తాళం, తాళంచెవి యజమాని మొలతాడుకు. గోడకు వేలాడదీసి వచ్చినవారికి చూపించుకోవడం తాతల నాటి దర్పం కావచ్చు. ఈ రోజుల్లో అది తెలివితక్కువతనం.

చేయవలసింది ఏమిటి?

అధికారులు ముందుగా రైతు వైపు చూడాలి. పందుల వల్ల పంట పోయిన రైతుకు పరిహారం సకాలంలో అందితే, కంచెలకు సాయం చేస్తే నాటు తుపాకీ అవసరం చాలావరకు తగ్గుతుంది. రెండవది, లైసెన్సు లేని తుపాకులను స్వచ్ఛందంగా అప్పగించడానికి పోలీసు శాఖ గడువు ప్రకటించి, ఆ గడువులోగా ఇచ్చినవారిని వేధించబోమని గ్రామసభల్లో హామీ ఇవ్వాలి. కేసు భయం ఉన్నంతకాలం తుపాకీ స్టేషనుకు రాదు, అటక మీద ఇంకా లోపలికి పోతుంది. మూడవది, దీపావళికి పదిహేను రోజుల ముందే కార్బైడ్ తుపాకుల అమ్మకంపై తనిఖీలు జరగాలి. పండుగ తెల్లవారి తిరిగే తనిఖీ వల్ల ప్రయోజనం లేదు.

పంచాయతీ పెద్దలు, బడిపంతుళ్లు చేయదగినది కూడా ఉంది. పిల్లలకు ఒక్క మాట నేర్పాలి. తుపాకీ వంటిది ఎక్కడ కనబడినా ముట్టుకోకుండా వెనక్కి వచ్చి పెద్దవాళ్లకు చెప్పాలి. చెప్పిన పిల్లవాణ్ణి కొట్టకూడదు, మెచ్చుకోవాలి. కొడితే రెండోసారి చెప్పడు.

ప్రమాదం జరిగితే చేయవలసినది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కార్బైడ్ గాని, మందు గాని కంట్లో పడితే నులమకుండా శుభ్రమైన నీటితో చాలాసేపు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. గుండు తగిలి కన్ను చిట్లిన అనుమానం ఉంటే కడగకూడదు, నొక్కకూడదు, గుచ్చుకున్నది పీకకూడదు. ఆముదం, చనుబాలు, ఆకు పసరు ఏవీ పోయకూడదు. తెల్లవారేదాకా చూద్దామనుకుంటే చూపు దక్కదు.

ఇక తల్లిదండ్రులు. తిరునాళ్లలో బొమ్మ తుపాకీ కొనివ్వడం నేరం కాదు. కొనిచ్చేటప్పుడు మనిషి ముఖానికి గురిపెట్టవద్దని ఒక్క మాట చెప్పడం మాత్రం తప్పనిసరి. మొక్కై వంగనిది మానై వంగదని పెద్దలు ఊరికే అనలేదు. మగపిల్లవాడికి ధైర్యం రావాలంటే తుపాకీయే కావాలా? ఇదే తీరాన తెల్లవారుజామున తెప్ప ఎక్కి సముద్రం మీదికి పోయే బెస్తవారి బిడ్డకు ఏ తుపాకీ ధైర్యం నేర్పింది?

ఈ దీపావళికి ముందు ప్రతి ఇంటి పెద్దా ఒకసారి నిచ్చెన వేసుకుని తన అటక తానే చూసుకోవాలి. అక్కడ ఉండరానిది ఏదైనా ఉంటే, పిల్లల కంట పడకముందే దాన్ని దించి, అప్పగించవలసిన చోట అప్పగించాలి.